పైకి తిప్పితే కిందికొచ్చే గీత

జూన్ 3

ఇవాళ పెయింటరు షాపు బోర్డు మీద మా అమ్మాయి పేరు రాశాడు. నా పేరు పక్కనే, నా పేరంత లావున. రోడ్డు అవతల కుర్చీ వేసుకుని ఆఖరి అక్షరం దాకా చూశాను. పెయింటరు నిచ్చెన మీంచి తిరిగి, "పెద్దాయనా, మీరలా గుడ్లప్పగించి చూస్తుంటే చెయ్యి వణుకుతోంది" అన్నాడు. వణికితే వణకనీ, అక్షరం మాత్రం వంకర పోకూడదన్నాను.

ఏసీ గదిలో ఉద్యోగం మానేసి నాన్న మైకుసెట్టు షాపులోకి వచ్చిన కూతురు ఇంకెవరికైనా ఉందేమో చూపించమనండి. నా సంతోషం ఈ పేజీలో పట్టదు. మా ఆవిడకి చెబితే, "పొద్దుట్నుంచి ఇది ఆరోసారి, కాస్త కాఫీ తాగనివ్వండి" అంది.

అసలు సంగతి రాయలేదు. ఊళ్లోని పెద్ద హాలు సౌండు పని ఏడాది పాటు మాకే ఇచ్చేలా అమ్మాయి మేనేజరుతో మాట్లాడింది. షరతు ఒకటుంది. ఈ నెల ఇరవై ఎనిమిదిన బడిపిల్లల పాటల కార్యక్రమం. అది సవ్యంగా జరిగితే సంతకం. కంప్లైంటు వచ్చిందా, పని వేరే షాపుకి. మిక్సర్ ముందు నేనే కూర్చోవాలట. "నువ్వు కూర్చుంటేనే నాకు ధైర్యం నాన్నా" అంది నా చిన్నితల్లి. నేను కాకపోతే ఇంకెవరు కూర్చుంటారు.

జూన్ 5

కొత్త మిక్సర్ వచ్చింది. డిజిటల్. అమ్మాయే కొంది. పాతది అటక మీదకెక్కింది.

పాత మిక్సర్ మన వీధిలాంటిది. ఒక్కో మైకుకీ ఒక్కో వరస, ఆ వరసలో దాని నాబ్‌లు దానివే. పైన మైకు బలం పెంచే గెయిన్, దాని కింద సన్నటి శబ్దాలకి హై, మధ్య, లావుపాటి వాటికి లో, అట్టడుగున పైకీ కిందికీ తోసే ఫేడర్. కళ్లు మూసుకుని కూడా ఎవరి గుమ్మం ఎక్కడో చేత్తో తడిమి చెప్పేవాణ్ని. ఇందులో ఊరందరికీ కలిపి ఒకే గుమ్మం.

"మిగతా నాబ్‌లేవే?" అన్నాను.

"ఇవే నాన్నా, ఇంతే."

"ఇవి ఒక్క ఛానల్‌కే సరి. మనకి పదహారున్నాయి."

"నీకు ఏ ఛానల్ కావాలో దాని సెలెక్ట్ బటన్ నొక్కు. అప్పుడు ఈ నాబ్‌లన్నీ దానివవుతాయి. ఇంకోటి నొక్కితే ఇంకోదానివి."

"మరి ముందుదానికి పెట్టినవి ఏమైపోతాయి?"

"లోపలుంటాయి. అది గుర్తుపెట్టుకుంటుంది."

నేను గుర్తుపెట్టుకోవాల్సింది అది గుర్తుపెట్టుకుంటే ఇక నేనెందుకు, మా ఆవిడకి కూరలు తరిగిపెట్టడానికా? పైకి అనలేదు. పిల్ల ముచ్చటపడి కొంది. పైగా ట్యాబ్‌లో కూడా తిప్పొచ్చట, హాల్లో ఏ మూల కూర్చున్నా సరే. ఆ షోకులు నాకు చూపించొద్దన్నాను.

జూన్ 6

సెలెక్ట్ నొక్కడం మర్చిపోయాను.

జూన్ 7

మళ్లీ.

జూన్ 9

హాల్లో సామాను బిగించాం. మైకు టెస్టింగ్‌కి మేనేజరే స్టేజి ఎక్కాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గొంతూ అలాంటిదే. పక్కన డోలక్ మైకులో గుబగుబ ఎక్కువైతే దానికి లో తగ్గిద్దామని నాబ్ తిప్పాను. డోలక్ గుబగుబ అలాగే ఉంది. మేనేజరు గొంతు మాత్రం డొక్కు రేడియోలో గొంతైపోయింది. ఆయన ఆగి, పొట్ట తడుముకుని, "పెద్దాయనా, ఉన్నట్టుండి ఇంత బక్కచిక్కానేంటి నేను?" అన్నాడు.

అందరూ నవ్వారు. అమ్మాయి పరుగున వచ్చి నా చెవిలో, "సెలెక్ట్ నాన్నా" అంది. మేనేజరుగారి ఛానలే నొక్కి ఉంది మరి. నాబ్ మీద చెయ్యి వేస్తే అది ఎవరిదో అదే చెప్పొద్దూ? ఏ గుమ్మంలో ఎవరున్నారో తెలియకుండా తలుపు కొట్టమంటే ఎలా?

దానికి తోడు మిగతా మైకుల కోసం రెండో పేజీ బటన్ నొక్కగానే ఫేడర్లన్నీ వాటంతటవే టకటకా పైకీ కిందికీ పరుగెత్తాయి. లోపల మోటార్లున్నాయట.

జూన్ 10

కాలింగ్ బెల్లు పాడైంది. పిట్టకూత బెల్లని అమ్మాయి మొన్ననే తెచ్చింది. ఈకాలం సామాన్లన్నీ ఇంతే. తలుపు దగ్గర ఎవరో ఉన్నారని మా ఆవిడకి ఎలా తెలుస్తుందో గాని, లేచి వెళ్లి తీస్తుంటుంది.

జూన్ 12

పిల్లల మొదటి రిహార్సల్. పాటల టీచరమ్మ సన్నగా, గట్టిగా ఉంటుంది, స్కేలుబద్దలాగా. పిల్లలు ముత్యాల్లా ఉన్నారు. కానీ ఈ పిల్లలకి స, శ పలకడం బడిలో ఎవరూ నేర్పడం లేదు. మాటలన్నీ నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టున్నాయి. టీచరమ్మతో అంటే, "వాళ్లు బాగానే పలుకుతున్నారే" అంది. తన పిల్లలు తనకి ముద్దు.

సరే, నా పని నేను చేశాను. ఒక్కో ఛానలూ సెలెక్ట్ చేసి (మర్చిపోలేదు, ఒక్కటి కూడా) హై నాబ్ బాగా పైకి తిప్పాను. అప్పుడు కాస్త తేరింది. మొదటి పాటకి టీచరమ్మ మొహం చిట్లించింది గాని, రెండో పాట కల్లా సర్దుకుంది. అయిపోయాక వచ్చి, "ఈ హాల్లో మా పిల్లల గొంతులు ఇంత చక్కగా ఎప్పుడూ వినపడలేదండీ" అంది. మేనేజరు కూడా బొటనవేలు ఎత్తి చూపించాడు. ఇంటికొచ్చేదాకా నా కాళ్లు నేల మీద లేవు. ఈ డెబ్బై దాటిన చెవి ఇంకా పనికొస్తోంది మరి.

అమ్మాయి ఆఖరి వరసలో ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఏవో లెక్కలు చూసుకుంటోందట. మిక్సర్ నాకొదిలేసి తన పని తను చూసుకుంటోందంటే ఎంత నమ్మకమో చూడండి.

జూన్ 14

ఈ మిషనులో ఏదో లోపం ఉంది.

హై పైకి తిప్పితే మిక్సర్ తెర మీద గీత కుడివైపు పైకి లేస్తుంది. ఇవాళ ఫ్లూటు ఛానల్‌కి పైకి తిప్పాను. గీత లేచింది. పక్కకి తిరిగి నీళ్లు తాగి చూస్తే కిందికొచ్చేసింది. మళ్లీ తిప్పాను. మళ్లీ వచ్చేసింది. నిమ్మళంగా, ఎవరో అరచేత్తో నొక్కినట్టు. నాబ్ మీద చెయ్యి వేసి పట్టుకున్నాను. నాబ్ కదల్లేదు, గీత మాత్రం దిగింది. ఒళ్లు మండిపోయింది.

అమ్మాయితో చెబితే, "కొత్తది కదా నాన్నా, చూద్దాంలే" అంది. అంత ఖరీదు పెట్టి కొన్నది, చూద్దాంలే అంటుందా?

జూన్ 15

కంపెనీ మెకానిక్‌కి ఫోను చేశాను.

"నేను పైకి తిప్పుతుంటే అది కిందికొస్తోంది బాబూ."

"ఏది సార్?"

"గీత. హై గీత."

"అన్ని ఛానల్స్‌కీనా?"

"నేను ఏది ముట్టుకుంటే దానికి. ముట్టుకోని వాటి జోలికి పోదు."

"ట్యాబ్‌లో ఎవరైనా కనెక్టయి ఉన్నారా సార్?"

"ఎవరూ లేరు. మా అమ్మాయి ఒక్కతే వెనకాల ట్యాబ్ పట్టుకుని కూర్చుంటుంది. అది లెక్కలు చూసుకుంటుంది."

"లెక్కలా సార్?" అన్నాడు. తర్వాత, "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్" అన్నాడు. వీళ్లందరికీ నేర్పేది ఆ ఒక్క ముక్కే. ఆఫ్ చేసి ఆన్ చేశాను. ఏం మారలేదు.

జూన్ 17

టీవీ గురించి మా ఆవిడతో గొడవ. పక్కింటావిడ గోడ అవతల్నుంచి వార్తలన్నీ వినేసి, మళ్లీ మా ఆవిడకే చెబుతోందట. దానికి నేనేం చెయ్యను? టీవీ వాళ్లు గొణుగుతారు.

ఈ ఏడు కీచురాళ్లు కూడా లేవు. మందులు కొట్టి కొట్టి పురుగూ పుట్రా లేకుండా చేశారు.

జూన్ 19

రాయాలని లేదు గాని రాస్తాను.

ఇవాళ మిషను సంగతి తేల్చేద్దామని కూర్చున్నాను. ముందు వరసలో నిలబడి పాడే పాప ఉంది, రెండు జడల పిల్ల. దాని ఛానల్ ఏడు. ఏడు సెలెక్ట్ చేసి హై పైకి తిప్పి, తెర మీంచి కన్ను తీయకుండా ఉన్నాను. దిగింది. మళ్లీ తిప్పి, ఈసారి తెర వదిలేసి తలెత్తాను. ఎందుకెత్తానో తెలీదు.

అమ్మాయి ఆఖరి వరసలో తల వంచుకుని ఉంది. ట్యాబ్ మీద చూపుడువేలు పైనుంచి కిందికి లాగింది. తెర చూశాను. గీత దిగి ఉంది.

మళ్లీ తిప్పాను. వేలు మళ్లీ కదిలింది.

ఈసారి ఉల్టాగా చేశాను. హై బాగా కిందికి లాగేసి ఊరుకున్నాను. అమ్మాయి నుదురు ముడిచి, వేలు పైకి తోసింది. గీత నేను పెట్టిన చోటు నుంచి లేచి, తను పెట్టిన చోట ఆగింది.

తర్వాత ఏం ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పాటలైపోయాయి. స్కేలుబద్ద టీచరమ్మ వచ్చి, "ఈ పనికి వయసుతో పని లేదండీ, మీ చేతిలో ఏదో ఉంది" అంది. అమ్మాయి నా పక్కనే వైర్లు చుడుతోంది. "మరి మా నాన్నంటే ఏమనుకున్నారు" అంది, తలెత్తకుండా.

జూన్ 20

మిషను మంచిదే.

జూన్ 21

మా ఆవిణ్ని అడిగాను. పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"నాకు వినపడదని నీకు తెలుసా?"

"ఏం వినపడదని?"

"అదే. సన్నటివి."

క్లిప్పు నోట్లో పెట్టుకుని దుప్పటి దులిపింది. నేను ఎదురు చూస్తూ నిలబడ్డాను. "ఆ పిట్ట బెల్లు ఎందుకు తెచ్చిందనుకున్నారు?" అంది. "మీకు వినపడుతుందో లేదో చూద్దామని. వినపడుతుందని నేను, వినపడదని అమ్మాయి, పందెం. నేను ఓడిపోయాను."

"ముందే చెప్పొచ్చుగా."

"చెప్పాను. బెల్లు పాడైందన్నారు. టీవీ గొణుగుతోందన్నారు. పిల్లలకి పలకడం రాదన్నారు. లోకమంతా చెడిపోయింది గాని మీ చెవి మాత్రం లక్షణంగా ఉంది."

కోపం వచ్చింది. అందరికీ తెలిసి నాకొక్కడికే తెలియకుండా నా వెనకాల నాటకమా? నన్ను కుర్చీలో బొమ్మలా కూర్చోబెట్టి, ఆ పొగడ్తలన్నీ నన్ను తీసుకోమని, తను లెక్కలు చూసుకుంటున్నట్టు నటిస్తుందా? బోర్డు మీద పేరు రాయించింది నేను. నాకే పాఠమా?

ఇంకో సంగతి కూడా రాయాలి, లేకపోతే అబద్ధం రాసినట్టే. గీతని అమ్మాయి ఎక్కడ ఆపిందో చూశాను. అది నేను మంచి వయసులో ఉండగా ఆపే చోటు. వెంట్రుకవాసి తేడా లేదు. చిన్నప్పుడు మిక్సర్ పక్కన స్టూలు మీద కూర్చుని, నిద్రొచ్చినా ఇంటికి పోయేది కాదు. ఎవరూ నేర్పలేదు. విని నేర్చుకుంది. కోపంగా ఉన్నవాడికి ఇంత సంతోషం ఎందుకు రావాలో నాకు అర్థం కావడం లేదు. విసుగొస్తోంది.

జూన్ 23

చెప్పేద్దామనుకున్నాను. టీ తాగి చెబుదామనుకున్నాను. టీ అయిపోయింది.

జూన్ 25

ఆఖరి రిహార్సల్. హై జోలికి పోలేదు. ఫేడర్లు చూసుకున్నాను, గెయిన్ చూసుకున్నాను. అవి నాకు బాగానే తెలుస్తున్నాయి.

వచ్చేటప్పుడు ఆటోలో అమ్మాయి, "హై అంతా బానే ఉంది కదా నాన్నా?" అంది.

"బానే ఉంది."

"ఊ. బానే ఉంది."

తను అటు చూసింది, నేను ఇటు చూశాను. సంతకం కాగితం మీద పడనీ, తర్వాత చెబుతాను. ఇప్పుడు చెబితే నన్ను కుర్చీలోంచి లేపాలి, లేపడం దానికి చాత కాదు, పాపం. అందుకే చెప్పడం లేదు. నా కోసం కాదు.

జూన్ 29

నిన్న ప్రోగ్రాం అయింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక జనం మధ్య దారిలో కూడా కూర్చున్నారు. పిల్లల తల్లులూ తండ్రులూ తాతలూ, అందరి చేతుల్లోనూ ఫోన్లు ఎత్తి ఉన్నాయి. అమ్మాయి ఆఖరి వరస వెనకాల గోడకి ఆనుకుని ట్యాబ్ పట్టుకుంది. నేను మధ్యలో మిక్సర్ ముందు. మొదటి రెండు పాటలూ పూలు అల్లినట్టు వెళ్లాయి. తెర మీద గీతలు అప్పుడప్పుడూ వాటంతటవే సర్దుకుంటున్నాయి. చూసీ చూడనట్టున్నాను.

మూడో పాటలో రెండు జడల పిల్ల ఉత్సాహం కొద్దీ మైకుతో సహా నాలుగడుగులు ముందుకొచ్చింది. స్పీకరు దగ్గరికి. పాట బాగానే ఉంది. నాకు బాగానే ఉంది. కానీ ముందు వరసలో ఒక చంటిపిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు. వాడి తల్లి రెండు చేతులూ వాడి చెవుల మీద పెట్టింది. ఆమె పక్కాయన తన చెవులు మూసుకున్నాడు. తర్వాత వరస. ఆ తర్వాత వరస. మేనేజరు లేచి నిలబడి స్పీకర్ల వైపు చూస్తున్నాడు. టీచరమ్మ చెయ్యి గాల్లో ఆగిపోయింది.

నాకు పాట వినపడుతోంది. పాట తప్ప ఇంకేమీ లేదు.

మైకు కూత పెడుతోందని అర్థమైంది. జీవితమంతా కూత మొదలవకముందే పట్టుకున్నవాణ్ని. హాలంతా చెవులు మూసుకుంటే నేనొక్కణ్నే హాయిగా పాట వింటూ కూర్చున్నాను. అదేం మనిషినో చెప్పలేను.

తెర చూశాను. గీతలు కదలడం లేదు. వెనక్కి తిరిగాను. అమ్మాయి ట్యాబ్‌ని వేలితో పొడుస్తోంది, గీకుతోంది, తల అడ్డంగా ఊపుతోంది. అన్ని ఫోన్ల మధ్య దాని కనెక్షన్ తెగిపోయిందట, తర్వాత చెప్పింది. మధ్య దారి నిండా జనం. నా దగ్గరికి రావాలంటే వాళ్ల నెత్తిన నడవాలి. మొత్తం సౌండు తీసేయొచ్చు. తీసేస్తే పిల్లల పాట చచ్చిపోతుంది. ఏ మైకు కూస్తోందో నాకు తెలియదు.

నేను లేచి నిలబడ్డాను. చెయ్యెత్తాను. అమ్మాయి చూసింది. నా చెవి ముట్టుకుని, చెయ్యి అడ్డంగా ఊపాను.

అమ్మాయి ట్యాబ్ కింద పడేసి, ఎవరిదో కుర్చీ లాక్కుని ఎక్కింది. ఒక చేతి వేళ్లన్నీ, రెండో చేతివి రెండు వేళ్లు చూపించింది. ఏడు. సెలెక్ట్ నొక్కాను. హై మీద చెయ్యి వేశాను. అమ్మాయి అరచెయ్యి బోర్లించి మెల్లిగా దించుతోంది. నేను తెర చూడలేదు, అరచెయ్యే చూస్తూ తిప్పాను. దించుతోంది, తిప్పుతున్నాను. పిడికిలి బిగించింది. ఆపేశాను.

చంటిపిల్లాడి తల్లి చేతులు తీసింది. టీచరమ్మ చెయ్యి మళ్లీ తాళం వేసింది. రెండు జడల పిల్లకి ఏం జరిగిందో తెలీదు, అది పాడుతూనే ఉంది, బంగారు కొండ.

మిగతా పాటలన్నీ అలాగే నడిపాం. అది కుర్చీ మీంచి దిగలేదు. కుర్చీ గలాయన నిలబడే పాటలు విన్నాడు, పాపం మంచివాడు.

అయిపోయాక మేనేజరు వచ్చాడు. "అన్నీ బావున్నాయి గాని మధ్యలో ఆ కూతేంటి పెద్దాయనా? చెవులు చిల్లులు పడ్డాయి."

"నాకు వినపడలేదు సార్" అన్నాను.

జోకనుకుని నవ్వాడు.

"నిజం సార్. సన్నటి శబ్దాలు నాకు వినపడవు. మా అమ్మాయి చెయ్యి చూపిస్తే తగ్గించాను. రిహార్సల్స్‌లో కూడా ఆ పని దానిదే. పొగడ్తలు నేను తీసుకున్నాను."

"నాన్నా" అంది అమ్మాయి పక్కనుంచి. రిహార్సల్స్ సంగతి నాకు తెలుసని దానికి అప్పుడే తెలిసింది.

మేనేజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇద్దరు ముగ్గురు నాతో అప్పుడే అన్నారు. కంప్లైంటు కంప్లైంటే" అన్నాడు. "ఏడాదికి సంతకం పెట్టలేను. మూడు నెలలు చూస్తాను. అది కూడా మిక్సర్ ముందు అమ్మాయి కూర్చుంటేనే."

"నాన్న లేకుండా నేను కూర్చోను" అంది అమ్మాయి.

"నువ్వుండవే" అన్నాను. "అలాగే సార్. నేను స్టేజి మీద మైకులు పెడతాను."

వచ్చేటప్పుడు ఆటోలో ఏడ్చింది. ఎందుకే, మూడు నెలలు ఇచ్చాడుగా అంటే ఇంకా ఏడ్చింది. దీన్ని ఓదార్చడం నా వల్ల కాదు.

జూలై 2

ఇవాళ హాల్లో మీటింగు. మైకులు నేను పెట్టాను, మిక్సర్ ముందు అమ్మాయి. ఎంత నిటారుగా కూర్చుంటుందో. స్టేజి మీంచి చూస్తే కళ్లు నిండిపోయాయి. మధ్యలో సెలెక్ట్ నొక్కడం మర్చిపోయి వేరేవాళ్ల గొంతు తిప్పేసింది. నేనేం అనలేదు. ఇంటికొచ్చేదాకా ఒక్కసారే అన్నాను. మా ఆవిడ నాలుగుసార్లంటుంది.

జూలై 5

అమ్మాయి పట్టు పట్టి చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. వద్దంటే వినదు. దీని మొండితనం అంతా వాళ్లమ్మది.

అద్దాల గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టారు. మన షాపులో వాటికంటే నాసిరకం. శబ్దం వినపడగానే చేతిలో బటన్ నొక్కాలట. అద్దం అవతల బెంచీ మీద అమ్మాయి కూర్చుంది. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ తలుపు తీసి, "తాతగారూ, అమ్మాయికి ఇదేం వినపడదు. ఆవిణ్ని చూసి లాభం లేదు" అని నా కుర్చీ గోడవైపు తిప్పేసింది.

మొదట్లో బాగానే వచ్చాయి. లావుపాటి శబ్దాలు, బొంగురువి. టకటకా నొక్కాను, ఒక్కటి వదల్లేదు. తర్వాత సన్నబడుతూ వచ్చాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. వీళ్ల మిషను ఆగిపోయిందేమో, పిలిచి చెబుదామా అనుకున్నాను. పిలవలేదు. బటన్ మీద బొటనవేలు ఉంచుకుని, గోడవైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

వస్తూనే ఉండి ఉంటాయి.